పార్వతి లింగకాయ

"పొయ్యి కాడ మల్లొకసారి చూసిన్రా?"

పార్వతి మేనత్త నారమ్మ ఈ మాట అడగడం పొద్దటి నుంచి ఏడోసారి. తాను మాత్రం ఏ అర్రలోనూ వెతకలేదు. నడవాలో గోడకు వీపు ఆనించి, కాళ్లు చాపుకొని, అటూ ఇటూ తిరిగేవాళ్లను అడుగుతూ కూర్చుంది.

"చూసినం వదినె. బూడిద గూడ జల్లెడ పట్టిన," అంది బస్వమ్మ.

"మరి ఏడికి పోయినట్టు? లింగానికి కాళ్లొచ్చినయా?"

బస్వమ్మ కూతురు పార్వతి దేవుని గూటి ముందు పీట మీద కూర్చొని ఉంది. పొద్దున తలస్నానం చేసి, లింగం పోయిందని తెలిసి కూర్చున్న పిల్ల, పన్నెండు దాటినా అక్కడి నుంచి లేవలేదు. జుట్టు ఆరిపోయింది. నుదుటి మీద విభూతి చెమటకు చారలు కట్టింది. లింగాన్ని ఉంచే వెండి కాయ వేలాడాల్సిన మెడ బోసిగా ఉంది.

ఒంటి మీద లింగం లేని మనిషి నోట్లో మెతుకు పెట్టుకోరాదు. గొంతులో నీళ్లు పోసుకోరాదు. గడప దాటరాదు. మఠం స్వామి వచ్చి అరచేతిలో కొత్త లింగం పెట్టేదాకా అంతే. ఆ ఇంట్లో తాతల నాటి నుంచి వస్తున్న కట్టు అది.

గూట్లో విభూతి ఉండ పక్కన రెండు హాల్ టికెట్లు ఉన్నాయి. ఒకటి అన్న శివకుమార్‌ది. ఒకటి పార్వతిది. రేపు, సోమవారం, పది గంటలకు పట్నంలో ఎమ్మే లెక్కల ప్రవేశ పరీక్ష. ఈ సాయంత్రం నాలుగింటికి బీదర్ నుంచి వచ్చే బస్సు దాటిపోతే ఆ పరీక్షకు అందే బస్సు ఇంకొకటి లేదు.

సైకిలు వాకిట్లో ఆగింది. పాలేరు సంగయ్య తలపాగా విప్పి మొహం తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు. పార్వతి తండ్రి శంకరప్ప మంచం మీది నుంచి లేవకుండానే అడిగాడు.

"ఏమన్నడురా స్వామి?"

"ఝరాసంగంల లేడు పటేలా. కల్యాణికి పోయిండట. మంగళారం పొద్దుగాల వస్తడన్నరు."

నారమ్మ ముక్కు మీద వేలు వేసుకుంది.

"బీదర్ల ఇంకో మఠం ఉన్నది గద నాయినా," అంది పార్వతి. గొంతు అప్పటికే గరగరమంటోంది. "ఎవరన్న ఇప్పుడు పోతే మూడింటికల్ల స్వామిని తోలుకొని రావచ్చు."

"ఊరికొక గురువు ఉంటడా? ఇంటికొక గురువే ఉంటడు."

"పెద్దన్న ఉంటే పోతుండె."

శంకరప్ప మంచం మీద లేచి కూర్చున్నాడు. పెద్దకొడుకు చంద్రప్ప పోయి ఎనిమిది నెలలు. కార్తీకంలో జ్వరమని దవాఖానలో చేర్చారు. పదకొండో రోజు ఇంటికి తెచ్చారు. ఆనాటి నుంచి శంకరప్ప ముందు ఎవరూ ఆ పేరుతో మాట మొదలుపెట్టలేదు.

"వాని పేరు నువ్వు తియ్యకు," అన్నాడు శంకరప్ప. "వానికి మాటిచ్చిన. పార్వతిని పరీక్షకు పంపుత అని చెయ్యిల చెయ్యేసి చెప్పిన. ఇయ్యలేదంటలేను. నేను నిన్ను ఆపుతలేను. నిన్ను నువ్వే ఆపుకున్నవు."

"దారం పీలికలు పీలికలైంది నాయినా. పూజ చేసుకొని, లింగాన్ని కాయల పెట్టి, గూట్ల పెట్టిన. కొత్త దారం తెచ్చి కట్టుకుందామని లేచిన. అంతల అన్న పిలిచిండు. గీ లెక్క జర చూడు పార్వతీ అని. పావుగంట..."

"లింగం మెడల లేకుండ లేచినవా?"

"లేచిన."

"లెక్క కోసం?"

"అన్న కోసం."

శివకుమార్ తన అర్ర గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకున్నాడు. జేబులో రెండు కలాలు ఉన్నాయి.

"అది పూజల ఉన్నదని నేను చూడలేదు నాయినా," అన్నాడు.

"నువ్వెందుకు చూస్తవు బిడ్డా, పుస్తకంల తలపెట్టినోనివి," అంది నారమ్మ. "దీనికుండాలె. ఆడపిల్ల లెక్కలు నేర్చుకుంటే ఇట్లనే ఉంటది. శివుడు ఒక్కసారి చూసిండు, రెండుసార్లు చూసిండు. నాకంటే నీకు లెక్కలే ఎక్కువైనయా, ఉండు నీ సంగతి అని లేచిపోయిండు."

ఆ మాటకు తానే నవ్వుకుంది. సంగయ్య కూడా నవ్వబోయి, పార్వతి మొహం చూసి ఆగిపోయాడు.

*

ప్రయాణం మూట కట్టడానికి బస్వమ్మ శివకుమార్ అర్రలోకి వెళ్లింది. జొన్నరొట్టెలు నాలుగు, వెల్లుల్లి కారం, పల్లీల పొడి. పొద్దున ఎనిమిది రొట్టెలు కొట్టింది. నాలుగు తీసి పక్కన పెట్టేసింది.

రేకు పెట్టెలో చొక్కాలు సర్దింది. గడ్డం గీసుకునే సామాను డబ్బా ఒక మూలన ఉంది. ఆడవాళ్లు ఎవరూ ఆ డబ్బా ముట్టరు. పొద్దున వెతికినప్పుడు పెట్టె అంతా తిరగేశారు కానీ దాని మూత ఎవరూ తీయలేదు. సబ్బు ముక్క పెడదామని ఆమె తీసింది.

కత్తి పక్కన, బురుసు కింద, వెండి లింగకాయ ఉంది.

చేతిలోకి తీసుకోకముందే ఆమెకు తెలిసింది. బొటనవేలు పెట్టి చూసింది. అడుగున సొట్ట. ఆరేళ్లప్పుడు పార్వతి మెట్టు మీద పడేసుకుంటే, చంద్రప్ప రాయితో కొట్టి సరిచేస్తానని దాన్ని ఇంకా పెద్దది చేశాడు. ఆ రోజు ఇద్దరికీ తన్నులు పడ్డాయి.

వెనక తలుపు మెల్లగా మూసుకుంది.

"అమ్మా," అన్నాడు శివకుమార్. "ఒర్లకు. మెల్లగ మాట్లాడు."

"కత్తి పక్కన పెట్టినవురా," అంది బస్వమ్మ. ఆమె నోటికి ముందుగా వచ్చిన మాట అదే. "లింగాన్ని మంగలి కత్తి పక్కన పెట్టినవురా శివా."

"ఇంకేడ పెడుదు? అది లెక్క చేస్తున్నంతసేపే నాకు టైమున్నది. నీళ్లు తాగొస్త అని లేచిన. చేతికి ఏది దొరికితే దాంట్ల పెట్టిన."

"ఎందుకురా?"

"నీకు తెల్వదా?"

"తెల్వదు. నువ్వు చెప్పు."

అతను మంచం అంచున కూర్చున్నాడు. ఇరవై నాలుగేళ్లవాడు. కూర్చుంటే మాత్రం చిన్నప్పటి లాగే మోకాళ్లు దగ్గరికి పెట్టుకుంటాడు.

"పోయినేడు నేను ఫెయిలైతే గంజి బజార్ల నర్సప్ప ఏమన్నడో యాదికున్నదా? పదిమంది ముంగట అన్నడు. చెల్లెను కాలేజికి పంపి నువ్వు ఇంట్ల రొట్టెలు కొట్టుకో పటేలా అన్నడు. ఇప్పుడు అది నిజంగనే పాసయితే? అది పాసై నేను మల్ల పోతే? నేను ఏ తొవ్వల నడవాలె అమ్మా?"

"నువ్వు గూడ పాసయితవు కావచ్చు. కార్తీకం సంది ఇద్దరు కలిసే సదివిన్రు గద."

"కలిసి సదువలే. అది సదివింది. నేను విన్న." అతను నేల వైపు చూస్తూ అన్నాడు. "పెద్దన్న నోట్సులన్ని ఉర్దూల ఉన్నయి. ఆయన కాలేజిల అన్ని ఉర్దూలనే చెప్పిన్రు. దానికి ఆ ఉర్దూ నేర్పిండు. నాకు నేర్పలే. అది సదివి, ఇంగ్లీషుల చెప్తే, నేను రాసుకోవాలె. అది ఎదురుంగ ఉన్నంతసేపు అన్ని తెలిసినట్టే ఉంటది. లేచిపోయినంక ఏం ఉండదు. నాకెందుకు నేర్పలే అమ్మా?"

చంద్రప్ప నేర్పబోయాడు. అలిఫ్, బే దగ్గరే ఇతను పలక వదిలేసి గోలీలాటకు పారిపోయాడు. మూడు ఎండాకాలాలు అలాగే పారిపోయాడు. బస్వమ్మకు ఆ సంగతి బాగా గుర్తుంది. చెప్పలేదు.

"రేపొక్క దినం," అన్నాడు అతను. "పరీక్షయినంక నేనే ఏడనో దొరికిందని తెచ్చిస్త. ఒక్క దినం తినకుంటే సస్తదా? శివరాత్రికి ఉంటలేమా?"

"మీ నాయినకు చెప్త."

"చెప్పు పో. లింగం దొంగతనం చేసినోన్ని ఇంట్ల ఉంచుతడా? మఠపోల్లు ఉంచనిస్తరా? పెద్దోడు మట్టిలకు పోయిండు. నేను రోడ్డు మీదికి పోత. మీరు ముగ్గురు హాయిగ ఉండుండ్రి."

బస్వమ్మ లింగకాయను అరచేతిలో పట్టుకొని నిలబడింది. చంద్రప్పను సమాధిలో కూర్చోబెట్టినప్పుడు అతని ఎడమ చేతిలో లింగం పెట్టారు. వేళ్లు బిగుసుకుపోయి మూసుకోలేదు. ఆడవాళ్లు ముందుకు రాకూడదన్నా వినకుండా వెళ్లి, ఒక్కొక్క వేలూ మూసింది ఆమే.

ఉన్న కొడుకు మంచం అంచున కూర్చొని ఆమె మొహం చూస్తున్నాడు.

లింగాన్ని పెట్టెలో ఉంచడం పాపం. గూట్లో పెడితే ఇప్పుడే దొరికిపోతుంది. లింగం ఒక మనిషి ఒంటి మీద ఉండాలి. ఆమెకు తెలిసిన ధర్మం అంతవరకే దారి చూపింది. తలకు కట్టుకునే నల్లదారం తెంపి లింగకాయకు కట్టింది. తన మెడలో వేసుకొని రవికె లోపలికి జార్చింది. లోపల తన లింగకాయకు తగిలి చిన్న చప్పుడైంది. కొంగు నిండుగా కప్పుకుంది.

శివకుమార్ ఊపిరి వదిలాడు. లేచి ఆమె కాళ్లు పట్టుకోబోయాడు.

"నన్ను ముట్టకు," అంది బస్వమ్మ.

*

ఆమె బయటికి వచ్చేసరికి రెండు కావస్తోంది. జూన్ పదో తేదీ వచ్చినా చినుకు లేదు. గాలికి ఎర్రమట్టి వాకిట్లోకి లేచి వచ్చి, వెతికేటప్పుడు బయటపడేసిన సామాన్ల మీద పేరుకుంటోంది.

"ఇంకెంతసేపు ఆ పీట మీద కూసుంటది?" అంది నారమ్మ. "అది పోకపాయె. వాడన్న పోతుండు గద. తమ్మీ, దానికి చెప్పు. వానికి లెక్కలల్ల ఏదన్న మిగిలితే చెప్పమను."

శంకరప్ప కూతురి వైపు చూశాడు.

"చెప్పు పార్వతీ. నీ నోటికి తిండి వద్దన్నం. మాట వద్దనలే."

బస్వమ్మ ఆ మాటకు భర్త మొహం చూసింది. అతను కోపంగా లేడు. అది న్యాయమైన మాట అనే అనుకుంటున్నాడు.

పార్వతి లేచింది. గూట్లోంచి చంద్రప్ప నోట్సు తీసింది. నీలం అట్ట, అంచులు చినిగి ఉన్నాయి. నడవాలో చాప పరిచి కూర్చుంది. శివకుమార్ ఎదురుగా కూర్చున్నాడు. ఎనిమిది నెలలుగా రోజూ ఎలా కూర్చున్నారో అలాగే. ఆమె కుడి నుంచి ఎడమకు వేలు జరుపుతూ పెద్దన్న రాత చదువుతుంది. తక్మిలా అని ఆయన రాసిన చోట ఇంటిగ్రల్ అంటుంది. ఇతను రాసుకుంటాడు.

"ఇక్కడ పెద్దన్న ఒక గీత గీసిండు," అంది పార్వతి. "ఇది పరీక్షల తప్పకుండ అడుగుతరు అని రాసిండు."

"ఆఁ. చెప్పు."

ఆమె చెప్పింది. ప్రతి నాలుగు మాటలకూ ఒకసారి ఆగి, నాలుకతో పెదవులు తడుపుకోబోయేది. నాలుకకే తడి లేదు. ఒకచోట మాట పూర్తిగా ఆగిపోయింది. పలక తీసుకొని రాసి చూపించింది.

"ఇది ఎట్లొచ్చింది?" అన్నాడు శివకుమార్.

మళ్లీ మొదటి నుంచి చెప్పింది.

నారమ్మ చెంబెడు నీళ్లు తెచ్చుకొని వాళ్ల పక్కనే కూర్చుంది. పైకెత్తి గటగట తాగింది. గడ్డం మీద కారిన నీళ్లు కొంగుతో తుడుచుకుంది.

"కుండ మంచి సల్లగున్నది బస్వా. ఎప్పుడు కొన్నవు?"

బస్వమ్మ గడప మీద కూర్చొని వింటోంది. కదిలినప్పుడల్లా రొమ్ము మీద వెండి వెండికి తగులుతోంది. అందుకని కదలకుండా కూర్చుంది. తన కూతురి గొంతు ఒక్కొక్క మాటకూ సన్నబడుతూ ఉంటే లెక్కపెట్టినట్టు వింది. ఒక్కసారి కూడా ఆ పిల్ల విసుక్కోలేదు. ఒక్కసారి కూడా ఈ కొడుకు తల ఎత్తి ఆమె పెదవుల వైపు చూడలేదు.

మూడున్నర అయింది.

"ఇగ చాలు," అన్నాడు శంకరప్ప. "లే శివా. సంగయ్యా, పెట్టె ఎత్తుకో."

శివకుమార్ కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. గూట్లోంచి తన హాల్ టికెట్ తీసుకున్నాడు. రెండోది అక్కడే ఉంది. పార్వతి నోట్సు మూసి, చాప మీది నుంచి లేవబోయింది. సగం లేచి, తూలింది.

బస్వమ్మ ఒక్క అడుగులో వెళ్లి పట్టుకుంది. కూతురి తల వచ్చి ఆమె రొమ్ము మీద పడింది.

తర్వాత ఎన్నోసార్లు బస్వమ్మ ఆ క్షణాన్ని తలుచుకుంది. పట్టుకోకుండా ఉండి ఉంటే అని కూడా అనుకుంది. అప్పుడు మాత్రం తల్లి చేతులు తల్లి చేతుల్లాగే చేశాయి.

పార్వతి చెంప కింద ఒకటి గట్టిగా తగిలింది. దాని పక్కనే ఇంకొకటి. పిల్ల ఒళ్లు మెల్లగా బిగుసుకుంది. చెయ్యి పైకి వచ్చింది. రవికె మీది నుంచే ఒక వేలు రెండో లింగకాయ చుట్టూ తిరిగి, అడుగున సొట్ట దగ్గర ఆగింది.

కళ్లెత్తి తల్లిని చూసింది.

"అమ్మా, దూపయితున్నది. నీళ్లియ్యి."

"అయ్యో శివా! లింగం లేనోల్లకు నీళ్లేంది?" అంది నారమ్మ.

"నేను అమ్మనడుగుతున్న అత్తా."

నీళ్ల కుండ చేతికందే దూరంలో ఉంది. బస్వమ్మ చెయ్యి చెంబు మీదికి వెళ్లింది. గడపలో చెప్పులు వేసుకుంటున్న శంకరప్ప వెనక్కి తిరిగాడు.

"బస్వా," అన్నాడు. అంతే అన్నాడు.

శివకుమార్ వాకిట్లో నిలబడిపోయాడు.

బస్వమ్మ చెంబు మీది నుంచి చెయ్యి తీసింది.

"మంగళారం స్వామి వస్తడు బిడ్డా," అంది. "జర ఓపిక పట్టు."

పార్వతి ఏడవలేదు. తల్లి మొహం మీది నుంచి చూపు తీయకుండా, జారిన ఆమె కొంగును పైకి లాగి, రవికె మీద ఎత్తుగా కనిపిస్తున్న చోట జాగ్రత్తగా సర్దింది. బయటికి ఏమీ కనబడకుండా కప్పింది. తర్వాత గోడ పట్టుకొని నిలబడింది.

"అన్నా, జర ఆగు."

"బస్సు టైమయింది పార్వతీ."

"పొద్దున నన్ను పిలిచి ఒక లెక్క చెయ్యమన్నవు. యాదికున్నదా?"

"ఉన్నది."

"అది తప్పు చేసిన."

శివకుమార్ గబగబా జేబులోంచి కాగితం తీశాడు. "ఏడ? ఏడ తప్పు? జవాబు సరిగనే ఉన్నది గద."

"ఏడనో చెప్త. నోరెండి మాట వస్తలేదు. నీళ్లు తాగినంక చెప్త."

"పార్వతీ!"

"అదొక్కటే గాదు. కార్తీకం సంది పెద్దన్న రాసింది నేను సదివిన, నువ్వు రాసుకున్నవు. అండ్ల ఏది ఉన్నదున్నట్టు చెప్పిన్నో, ఏది మార్చి చెప్పిన్నో, నాకు ఇప్పుడు యాదికి లేదు." నీలం అట్ట నోట్సు తీసి అన్న వైపు చాపింది. "బస్సుల చాన టైముంటది. సదువుకొని సరిచూసుకో."

అతను చెయ్యి చాపలేదు. తెరిచినా తనకు ఒక్క అక్షరం తెలియని పుస్తకం అది.

తన కూతురు పుట్టి బుద్ధెరిగి అబద్ధం ఆడింది బస్వమ్మకు తెలియదు. ఇప్పుడు ఆడిందో, లేక ఇన్నాళ్లూ రోజుకింత ఆడిందో, ఆ మొహంలో ఆమెకు ఏమీ దొరకలేదు. ఆ మొహం చంద్రప్పది. లెక్క కుదిరినాక కలం మూసేటప్పుడు వాడు అలాగే ఉండేవాడు.

"ఏమైందిరా? కదులు," అన్నాడు శంకరప్ప.

శివకుమార్ కదల్లేదు. చెల్లెల్ని చూశాడు. నీళ్ల కుండను చూశాడు. తర్వాత, చూడకూడదని తెలిసి కూడా, తల్లి రొమ్ము మీది కొంగు వైపు చూసి అక్కడే ఆగిపోయాడు.

ఊరి మొగదల బస్సు హారన్ కొట్టింది.

శంకరప్ప కొడుకు చూపు ఎక్కడ ఆగిందో చూశాడు. కాలికి తొడిగిన చెప్పులు విప్పి, గడప ఇవతలికి వచ్చాడు.

"బస్వా," అన్నాడు. "కొంగు తియ్యి."